మైసమ్మకు ముట్టిన డ్రోన్

పల్లిచేను మీద పందులను తరిమే డ్రోన్ గిర్రున తిరుగుతోంది.

"కొన్నది గాదు, నేనే బిగించిన! ఈ బటన్ నొక్కితే చాలు, ఆన్ చేసిన జాగకే వాపసొస్తది," అన్నాడు భీమేశ్. అతను దాన్ని బిగించిన రెండు నెలలూ రాత్రంతా మంచె మీద కూర్చుని అడవిపందులకు కావలి కాసింది భార్య వినీల.

"ఆన్ చేసిన జాగకేనా?"

"డిగ్రీ చదివినవ్, గింత తెల్వదా?"

పొద్దున, కొత్త ట్రాక్టరుకు చేసినట్టే, మైసమ్మ గుడి ముందు దాన్ని ఆన్ చేసి కొబ్బరికాయ కొట్టాడు. ఆర్పకుండానే చేనుకు తెచ్చాడు. వినీలకు గుర్తుంది.

భీమేశ్ బటన్ నొక్కాడు. డ్రోన్ వాళ్ల నెత్తి మీదుగా తిన్నగా గుడివైపు పోయింది.

"ఏందిది!" అని పరుగెత్తబోయిన కొడుకు రెక్క పట్టుకుంది జములమ్మ. "ఆగురా! తల్లే గుంజుకున్నది. అమ్మకు ముట్టినదాన్ని మల్ల ఇంటికి తెస్తరా?"

అసలు సంగతి చెప్పి డ్రోన్‌ను ఇంటికి చేర్చడం వినీలకు నిమిషం పని. కానీ రెండు నెలలుగా పోగొట్టుకున్న నిద్ర గుర్తొచ్చింది.

"అత్తమ్మ మాట కాదంటమా?" అంటూ మంచె కిందున్న, పందులను బెదరగొట్టే రేకు డబ్బా తీసి మొగుడి చేతిలో పెట్టింది. "ఎక్కు మరి. దీన్ని బిగించే పనిలేదు, కొట్టుడే."