క్లైవ్ ఎర్ర డబ్బా

సమాధుల తోటకు వెళ్లే దారికి అడ్డంగా నీలగిరి చెట్టు కూలి ఉంది. క్లైవ్ శవపేటికతో వస్తున్న బండి ఆగింది. వెనకాల ట్రక్కులన్నీ ఆగాయి.

"రంపం లేని ట్రక్కుందా మన ఊళ్లో? రెండు నిమిషాల పని, వదినా," అన్నాడు రస్సెల్, క్లైవ్ భార్య నెరిడాతో. పదేళ్లలో ఒక్కసారీ మొరాయించని మోటారు రంపం అతనిది. తాడు లాగాడు. రంపం దగ్గి ఊరుకుంది.

"పెట్రోల్లో చవక ఆయిల్ కలిపితే అంతే," అంటూ వెనక ట్రక్కులోంచి మెర్విన్ తన రంపం తెచ్చాడు. అదీ దగ్గి ఊరుకుంది.

"నీ ఖరీదైన ఆయిల్ ఏమైందిరా?" అన్నాడు రస్సెల్.

"ఇదే మంచిదని క్లైవే చెప్పాడు!"

"నాకూ ఆయనే చెప్పాడు, నాదే మంచిదని!"

నెరిడా బండి దిగింది. "ఆ పెట్రోలు ఎప్పటిది?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పోయిన చలికాలానిది.

"ఏటా రంపాలకు పదును పెట్టమని క్లైవ్ దగ్గరికి తెచ్చేవారు కదా," అంది నెరిడా. " మీ ముందు మీ ఆయిల్‌నే మెచ్చుకునేవాడు. మీరు వెళ్లాక, నిలవ పెట్రోలుతో రంపం నడవదని, దాన్ని పారబోసి తాజాది నింపేవాడు. ఈ ఏడు మీరు రాకముందే పోయాడు."

పేటిక మీద పూలకు బదులు క్లైవ్ ఎర్ర పెట్రోలు డబ్బా పెట్టారు. పోయిన వారమే ఆయన ఆయిల్ కలిపి పెట్టిన పెట్రోలు అందులో ఉంది. నెరిడా దాన్ని తెచ్చి ఇచ్చింది.

పాతది పారబోసి అది నింపాక, మూడోసారి తాడు లాగగానే రస్సెల్ రంపం గర్జించింది. పదేళ్లుగా తన రంపం గొప్పని అతను పొగిడింది నిజానికి ఈ పెట్రోలునే.

దారి తెరుచుకుంది. నెరిడా ఖాళీ డబ్బాను మళ్లీ పేటిక మీద పెడుతుంటే మెర్విన్ టోపీ తీసి, దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"ఇంతకీ ఆయన ఏ ఆయిల్ కలిపేవాడు, వదినా?"

"కొట్లో ఏది దొరికితే అది," అంది నెరిడా. "కాకపోతే ఎప్పటికప్పుడు కలిపేవాడు."