ఏడిపించిన ముగింపు

"ముగింపు మీరు చెప్పండి, నేను టైపు చేస్తా," అంది నాగమల్లేశ్వరి, ల్యాప్‌టాప్ భర్త వైపు కాస్త తిప్పి.

సుధాకరరావుకు పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది.

విజయవాడ పబ్లిషరు నవల సారాంశం ఒక్క పేజీలో పంపమన్నాడు. ముగింపు దాచకూడదట. అది నచ్చితేనే నవల అడుగుతాడట. గడువు ఈ సాయంత్రంతో సరి.

"రాసింది నువ్వు. నేను చెప్పడమేంటి మల్లీ?"

"నా బుర్ర మొద్దుబారిపోయిందండీ. మొదటి అధ్యాయాలు ఎంతమందికి పంపినా జవాబే లేదు, వీళ్లొక్కరే అడిగారు. ఇదీ పోతే మళ్లీ ఒక్క ముక్క రాయను." ఆమె కళ్లొత్తుకుంది. "మీరు రెండుసార్లు చదివారుగా. ముగింపు దగ్గర ఏడుపాగలేదన్నారు. అదే నాలుగు ముక్కల్లో చెప్పండి, చాలు."

అన్నాడు, నిజమే. చదివితేగా!

ఆమె ప్రింటు తీసి, బైండు చేయించి ఇచ్చిన నవలను సైన్స్ పార్కులోని ఆఫీసుకు వెళ్లే ట్రైన్లో చదువుతానని పట్టుకెళ్లాడు మహానుభావుడు. ఆ మధ్యాహ్నం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో సీటు చోప్ చేద్దామంటే జేబులో టిష్యూ ప్యాకెట్ లేదు. ఈ దేశమంతా టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకుంటే, ఈయన భార్య నవల పెట్టి నూడుల్స్ క్యూలో నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి సీటూ లేదు, నవలా లేదు. ఇంట్లో మాత్రం స్నేహితుడు అడిగి తీసుకున్నాడన్నాడు.

"ఫైలు తెరువు, ఒకసారి చూసుకుని చెప్తా."

"చూసి చెప్పేదైతే మీరెందుకు? మనసులో నిలిచిందే చెప్పండి."

మంచినీళ్ల వంకన లేచి కూతురి గదిలోకి దూరాడు.

"అనన్యా, అమ్మ నవల చివర్లో ఏమవుతుందో నీకేమైనా చెప్పిందా?"

"ఐ కాంట్ రీడ్ తెలుగు లాహ్, డాడీ," అంది అనన్య ఫోన్లోంచి తలెత్తకుండా. "క్రై చేసింది నువ్వే కదా."

వచ్చి మళ్లీ కూలబడ్డాడు. తెర మీద సారాంశం ఉన్నంతవరకు చదివాడు. రజిత అనే అమ్మాయి. పెళ్లయినప్పటి నుంచీ మొగుడు అబద్ధాలాడుతూనే ఉంటాడు, ఆమె నమ్మినట్టే ఉంటుంది. అక్కడితో సరి, కిందంతా ఖాళీ. నిజం చెప్పేద్దామనుకున్నాడు, నోటిదాకా వచ్చింది కూడా. భార్య కళ్లలో నీళ్లు చూసి మింగేశాడు.

"చివర్లో... మొగుడు తప్పు ఒప్పుకుంటాడు. కాళ్ల మీద పడతాడు. రజిత క్షమిస్తుంది."

టైపు చేస్తున్న వేళ్లు ఆగాయి.

"అక్కడేనా మీకు ఏడుపొచ్చింది?"

"అక్కడే. నీ మీద ఒట్టు."

నాగమల్లేశ్వరి కళ్లు తుడుచుకుంది. అతను చెప్పిన ఆఖరి మాట చెరిపేసింది.

"మీకిచ్చిన కాపీలో ముగింపే లేదండీ. రజిత ఏం చేస్తుందో తేలక ఇన్నాళ్లూ రాయలేకపోయాను," అంది. "ఇప్పుడు తేలింది. క్షమించదు."