మారుగొంతు దిష్టిబొమ్మ

శనివారం మధ్యాహ్నం అనంతగిరి గుట్టల్లో గుడారం వేసుకున్నాక, హైమావతి, రుక్సానా దిష్టిబొమ్మ కట్టడానికి కూర్చున్నారు. ఇద్దరూ ఒకే జూనియర్ కాలేజీలో లెక్చరర్లు. వెదురు కర్రలకు గడ్డి చుట్టి, హైమావతి పాత చీర కట్టారు. అది ఆమె మారుగొంతు బొమ్మ.

ఇప్పుడు అందరి ఫోన్లలోనూ మారుగొంతు ఉంటోంది. మనం పనిలో ఉంటే మన గొంతుతోనే జవాబు చెబుతుంది. హైమావతిది మూడేళ్లుగా ప్రిన్సిపాల్ అడిగిన ప్రతిదానికీ "సరే సార్" అంటోంది. అదనపు క్లాసులకూ, ఆదివారం పరీక్షలకూ ఒప్పుకునేది అది. చేసేది హైమావతి. తీసేద్దామంటే కాలేజీ ఊరుకోదు.

"కాలిస్తే ఏమొస్తదే? సోమవారం మళ్లీ అదే మాట్లాడ్తది," అంది హైమావతి.

"కండ్లకైనా జర సల్లగుంటది," అంటూ రుక్సానా అగ్గిపెట్టె ఇచ్చింది.

పొద్దు వాలుతుండగా అంటించారు. చీర భగ్గుమంది. అంతలో ప్రిన్సిపాల్ నుంచి ఫోన్. మారుగొంతు అందుకునేలోపే హైమావతి తీసింది.

"రేపు పరీక్ష ఉంది, రావాలమ్మా."

"రాను సార్. నాతోని కాదు."

"ఈ జవాబు నేనెప్పుడూ వినలేదమ్మా. సార్‌ను అడగాలి. నేను ఆయన మారుగొంతును."

"సార్ ఏడున్నరు?"

"నా బొమ్మ కాల్చడానికి మన్ననూరు అడవికి వెళ్లారు. బాగా అలసిపోయారు."

హైమావతి ఫోన్ ఆపేసి గడ్డి మీద వెల్లకిలా పడుకుంది.

"ఏమన్నడే సారు?" అని రుక్సానా అడిగింది.

"సారు అనలే రుక్సానా. మూడేండ్ల సంది సారు ఏమనలే."