షుక్రీ గ్లాసు

వంటింటి పైఅరలో, మిగతా గ్లాసులకు జానెడు దూరంగా, బంగారు అంచున్న టీ గ్లాసు ఒకటి బోర్లించి ఉంటుంది.

కాపురానికి వచ్చిన మూడో రోజు రద్వా దాన్ని అందుకుంది.

అత్త సాఫీనాజ్ మెల్లగా చేతిలోంచి తీసేసుకుంది. "అది వద్దు తల్లీ. అది షుక్రీది."

షుక్రీ ఈ ఇంటి మనిషి కాదు. ఈ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు.

ఆరేళ్ల కిందట రద్వా మొగుడు గరీబ్ సూయెజ్ ఫుట్‌బాల్ జట్టుకు లెఫ్ట్ వింగర్. బంతితో గీత వెంట ఉరికితే జనం కూర్చున్న చోట కూర్చోలేకపోయేవారు.

జాతీయ జట్టు నుంచి పిలుపు వచ్చింది. ఆ వారమే, కైరో జట్టు డిఫెండర్ షుక్రీ, బంతి దాటిపోయాక, తీరిగ్గా గరీబ్ మోకాలి మీద కాలు దించాడు.

పదకొండు రోజులు ఆస్పత్రి. ఊళ్లో సగం మంది పళ్లతో వచ్చారు.

తల్లి సాఫీనాజ్ రోజూ టీ ఫ్లాస్కుతో పాటు ఒక గ్లాసు ఎక్కువ తెచ్చేది. "కొట్టినవాడు పరామర్శకు రాకుండా ఉంటాడా," అనేది.

రాలేదు.

"వెళ్దామనే అనుకున్నాను. సూయెజ్ దూరం కదా," అని షుక్రీ పత్రికలవాళ్లతో అన్నాడు.

మోకాలు అతుక్కుంది. జాతీయ జట్టు మళ్లీ పిలవలేదు.

ఇప్పుడు గరీబ్‌కు ముప్ఫై మూడు. ఆడేది రెండో డివిజన్. షుక్రీ కూడా మెట్టు మెట్టుగా దిగి అదే డివిజన్‌కు చేరాడు. ఈ శుక్రవారం అతని జట్టు సూయెజ్ వస్తోంది.

పెళ్లైన మర్నాటి నుంచే గరీబ్ సాయంత్రాలు సముద్రపు ఒడ్డున పరుగెత్తేవాడు. పది అడుగులు ఉరికి, ఠక్కున ఆగి, గిర్రున తిరిగేవాడు. మళ్లీ ఉరికేవాడు.

రద్వా గట్టు మీద కాళ్లూపుకుంటూ, నానబెట్టిన తిర్మిస్ గింజలు నములుతూ లెక్కపెట్టేది. కొత్త పెళ్లాం ముందు గొప్పలు పోతున్నాడనుకుని లోలోపలే మురిసిపోయింది.

"పరుగే కదా నీ పని. ఈ ఆగడం ఎందుకు?" అంది ఒకరోజు.

"పరుగు నాకు. ఆగడం షుక్రీకి."

నోట్లో గింజ నమలడం మర్చిపోయింది. "కాలు విరగ్గొడతావా?"

"ఛ. ముట్టుకోను కూడా."

శుక్రవారం ఎండ గట్టిగా కాసింది.

బంతులన్నీ ఎడమవైపే రావాలని గరీబ్ తన జట్టుకు ముందే చెప్పుకున్నాడు.

వచ్చాయి. ఉరికాడు. షుక్రీ వెంటపడ్డాడు. గరీబ్ ఠక్కున ఆగాడు. షుక్రీ ఆగలేక రెండడుగులు ముందుకు తూలాడు.

మరోసారి బంతి షుక్రీ కాళ్ల సందులోంచి దూరిపోయింది. దాన్ని ఇక్కడ వంతెన అంటారు. మగాడికి అంతకు మించిన నామర్దా లేదు.

"కెప్టెన్ షుక్రీ, వంతెనకు గేటైనా పెట్టించు," అని రద్వా పక్కనున్న ముసలాయన అరిచాడు. వరుస వరుసంతా ఘొల్లుమంది.

రెండో వంతెన. మూడోది.

"ఎండగా ఉంది కదా కెప్టెన్. నీళ్లు తాగుతావా?" అన్నాడు గరీబ్, మర్యాదగా.

షుక్రీ మోకాళ్ల మీద చేతులానించి వంగి రొప్పుతున్నాడు.

అరవయ్యో నిమిషంలో గరీబ్ మళ్లీ ఉరికి, ఆగి, తిరిగాడు. షుక్రీ కూడా తిరగబోయాడు. ఒళ్లు తిరిగింది. కాలు తిరగలేదు.

మడమ వెనక నరం తెగిన చప్పుడు రద్వాకు వినిపించలేదు. తరవాత చాలాసార్లు, వినిపించి ఉంటే బాగుండుననుకుంది.

ఎవరూ అతన్ని ముట్టుకోలేదు. రిఫరీ విజిల్ వేయలేదు.

గోల్ దాకా దారి ఖాళీగా ఉంది. గరీబ్ బంతిని గీత బయటికి తన్నేసి, చెయ్యెత్తి స్ట్రెచర్‌ను పిలిచాడు.

స్టేడియమంతా చప్పట్లు కొట్టింది.

"ఏం సంస్కారం. తల్లి పెంపకమంటే అదీ," అన్నాడు ముసలాయన కళ్లు తుడుచుకుంటూ.

అందరూ మానేశాక కూడా రద్వా చప్పట్లు కొడుతూనే ఉంది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లేముందు ఆమె కమలాపళ్లు ఏరింది. తొడిమకు ఆకున్నవే, ఒక్కొక్కటీ వాసన చూసి.

సాఫీనాజ్ స్టూలెక్కి పైఅరలోంచి గ్లాసు తీసి కోడలి సంచిలో పెట్టింది.

షుక్రీ గరీబ్‌నూ రద్వానూ చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. గరీబ్ కుర్చీ లాక్కున్నాడు. ఫ్లాస్కులోంచి టీ వంచి, మూడు చెంచాల చక్కెర వేసి కలిపి అందించాడు.

"గరీబ్, నేను ఆ రోజు..."

"టీ చల్లారిపోతుంది కెప్టెన్."

షుక్రీ అందుకున్నాడు.

"అది నీ గ్లాసే. ఆరేళ్లయింది మా అమ్మ కడిగిపెట్టి."

రద్వా కమలాపండు ఒలిచి, తొనలు విడదీసి, పీచు తీసి పళ్లెంలో పేర్చింది.

"రేపు పొద్దున్నే నన్ను కైరో తీసుకెళ్లిపోతున్నారు," అన్నాడు షుక్రీ చివరికి, బయటపడడానికి ఎవరో తలుపు తీసినట్టుగా.

"దూరమేం కాదు. బస్సులో రెండు గంటలే," అన్నాడు గరీబ్.

ఇంటికొచ్చేసరికి సాఫీనాజ్ గుమ్మంలోనే ఉంది.

"తాగాడా?"

"సగం," అంది రద్వా.

అత్త గ్లాసు కడిగింది. తుడిచింది. పైఅరలో పెట్టకుండా కోడలి సంచిలోనే సర్దింది.

"రేపు జామపళ్లు కొను తల్లీ," అంది. "పదకొండు రోజులూ ఒకటే రకం పట్టుకెళ్తే మర్యాదగా ఉండదు."