కాలువలో గడ్డకట్టిన జిడ్డు

ఒక అడవిలో ఎలుగుబంటి బజ్జీల కొట్టు నడిపేది. మాడిన నూనెనంతా అందరి మురుగుకాలువలోకే ఒంపేసేది. కాలువ గట్టున బొరియలో ఉండే చుంచెలుక, "మామా, జిడ్డు గడ్డకట్టి నీళ్లు కదలడం లేదు" అంటే, "అవే పోతాయిలేవే" అని ఎలుగు నవ్వేసేది.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. పూడిపోయిన కాలువ బొరియలోకి ఎగదన్నింది. చుంచెలుక పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని కొట్టు అరుగు మీదికి చేర్చింది. ఆఖరి పిల్ల కోసం వెళ్తే బొరియ నోరు మునిగిపోయి ఉంది.

"మామా, ఒకటి లోపలే ఉండిపోయింది" అంటూ ఎలుగు దగ్గరికి పరుగెత్తింది.

ఎలుగు వెంటనే కాలువలోకి దిగి, గోళ్లతో జిడ్డుగడ్డను పెకలించింది. నీళ్లు భళ్లున పోయాయి. బొరియలోంచి సన్నగా కీచుమని వినిపించింది. చుంచెలుకకు ప్రాణం లేచొచ్చింది.

"ఇకనుంచి నూనె కుండలోనే పోస్తానే" అంది ఎలుగు తలెత్తకుండా.

"నిండితే పిలువు మామా, దీపాలకు పట్టుకెళ్తాను" అంది చుంచెలుక, పిల్లను పొట్టకు అదుముకుంటూ.