వోనులోకి నీళ్ళొచ్చాయి

"అక్కా, ఇంజను గదిలో నీళ్ళు!"

సెవానాయా గొంతులో కంగారు కంటే సంబరమే ఎక్కువ వినిపించింది లితియాకి.

ఇంజను ఆపి, ఒక్క అంగలో వెనక్కి వచ్చి మూత ఎత్తింది. నిజమే. ఇంజను కింద నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు, పైన నూనె తెట్టుతో మెరుస్తున్నాయి.

పందెం ఓడినట్టే!

లాకెంబా దీవి చేరేలోపు చుక్క నీరు లోపలికి రాకపోతే వోను పడవ ఉంటుంది. వస్తే ఒడ్డుకి లాగి, చీల్చి, పొయ్యిలో పెడతారు. అక్కాతమ్ముళ్ళు వేసుకున్న పందెం అది. నాన్న చేయించిన ఈ చెక్క పడవంటే లితియాకి ప్రాణం. సెవానాయాకేమో తెల్లటి ఫైబరు పడవ మీద మోజు.

"పుచ్చిపోయిందని నెత్తీ నోరూ కొట్టుకున్నా. విన్నావా?" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్! వోను కారదు. కంబారా దీవి జోలామే మేస్త్రీ చేతి పనిరా ఇది."

"మొదలెట్టావా? పొద్దున్న లేస్తే జోలామే జపమే. ఆ మనిషిని కంట చూసిన పాపాన పోలేదు."

"ఆయన్ని చూడకపోతేనేం? పడవని చూశానుగా, చాలదూ!"

మిగతా ప్రయాణికులతో పాటు పడవ అంచున కూర్చున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు.

ఆయన దారిలో ఒక రేవు దగ్గర చేతికర్ర ఊపి ఎక్కాడు. రెండు కళ్ళ మీదా తెల్లటి పొర. లాకెంబాకి కంటి డాక్టరు వచ్చాడట, చూపించుకోవాలట. ఎక్కినప్పటి నుంచీ కుదురుగా కూర్చోలేదు. పక్క చెక్కల్ని తడుముతూనే ఉన్నాడు. చూపు ఆనక కాబోలు అనుకుంది లితియా.

"జోలామేనా? విన్నాన్లే," అన్నాడు ముసలాయన. "ఒట్టి పొగరుబోతు. తన పడవని మించిన పడవ లేదని కోతలు కోసేవాడు."

లితియాకి చిర్రెత్తుకొచ్చింది.

"నా పడవలో కూర్చుని మా మేస్త్రీనే అంటావా తాతా? పెద్దవాడివి కాబట్టి సరిపోయింది. లే ముందు! వెళ్ళి ఆ తడి తాళ్ళ మీద కూర్చో."

ముసలాయన లేచాడు. కానీ తాళ్ళ దగ్గర ఆగలేదు. తడుముకుంటూ వచ్చి ఇంజను గది పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా లోపలికి దించాడు.

"తాతా, కాలుతుంది!"

ఆయన వింటేనా! పడవ అడుగున చెక్క వెంబడే ఆ చెయ్యి నెమ్మదిగా పాకింది. పాకేకొద్దీ ముఖం పాలిపోయింది.

ఎవరి పడవో మునిగితే ఈయనకెందుకింత దిగులు, అనిపించింది లితియాకి.

ముసలాయన నూనె తెట్టుని పక్కకి నెట్టి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఛీ ఛీ, డీజిలు తాతా అది!"

"తియ్యగా ఉంది," అన్నాడు. పాలిపోయిన ముఖం చేటంత అయింది.

"ఆఁ?"

"సముద్రం ఎప్పటి నుంచి తియ్యబడిందమ్మా? నువ్వే చూడు."

లితియా వేలు ముంచి చూసింది. డీజిలు కంపు వెనక, సందేహం లేదు, కొబ్బరినీళ్ళు!

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. తమ్ముడు ఆకాశం వైపు తిరిగాడు.

"ఒరేయ్, అత్త కోసం కోసిన బొండాలెక్కడ పెట్టావు?"

సెవానాయా వేలు చూపించాడు. ఇంజను వెనక, పంకాని తిప్పే షాఫ్టు పక్కన గోనెసంచీ. తిరిగే షాఫ్టు బోల్టులు సంచీని చింపి, బొండాల్ని తొలిచేశాయి.

"పైన పెడితే వీళ్ళందరూ అడుగుతారు. మన దీవుల్లో అడిగాక లేదనలేం కదా. అందుకని దాచా," గొణిగాడు.

పడవంతా గొల్లుమంది.

"మాకు పెట్టకుండా పడవకి తాగించావట్రా!" అంది చాపల మూట మీద కూర్చున్నావిడ.

లితియా నీళ్ళన్నీ తోడి పోసింది. పాత గుడ్డతో అడుగంతా తుడిచి, ఇంజను మళ్ళీ నడిపింది. మూత తెరిచే ఉంచింది, అందరూ చూడాలని. లాకెంబా రేవు కనబడే దాకా ఒక్క చుక్క కూడా ఊరలేదు.

"చూశావా తాతా? మా మేస్త్రీ పొగరుకి అర్థముంది," అంది గర్వంగా.

"ఉందమ్మా. ఇవాళ్టి నుంచి ఆయన్నెవరైనా తిడితే నేనూరుకోను," అన్నాడు ముసలాయన. తరవాత సెవానాయా వైపు చెయ్యి చాపాడు. "చితకని బొండాం ఒక్కటైనా మిగిలిందా? నాకియ్యరా."

అడిగాక లేదనకూడదు కదా. సెవానాయా ఏడుపుముఖంతోనే కొట్టిచ్చాడు.

రేవులో దిగాక ముసలాయన వోను పక్క చెక్కని రెండుసార్లు తట్టాడు, పసిబిడ్డని జోకొట్టినట్టు. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. ఆయన నడుస్తుంటే రేవులో జనం ఎక్కడివాళ్ళక్కడ నేల మీద కూర్చుని, అరచేతులు దొప్పల్లా చేసి చప్పట్లు కొట్టారు. పెద్దలకి ఇచ్చే మర్యాద అది.

లితియా తెల్లబోయింది. ఆమె తాడు కట్టి ఒడ్డెక్కేసరికి ఆయన ఎక్కిన ట్రక్కు మలుపు తిరిగిపోయింది.

"ఎవరే ఆయన?" అని చేపలమ్మే ఉనైసిని అడిగింది. "నేను తడి తాళ్ళ మీద కూర్చోమన్నానే! కంటి డాక్టరుకి చూపించుకోవాలంటే ఎక్కించుకున్నాను."

"కంటి డాక్టరా? ఇక చూపు రాదని ఆ డాక్టరు పోయిన నెలే చెప్పేశాడు కదే," అంది ఉనైసి. "తను కట్టిన పడవల్లో ఇంకా నీటి మీద తిరిగేది మీ వోను ఒక్కటేనని తెలిసి, పోయే లోపు ఒక్కసారి ఎక్కి చూసుకోవాలని పనిగట్టుకుని మీ దారికి ఎదురొచ్చాడు జోలామే మేస్త్రీ."