ఏడో ఇల్లు

"ఏడిళ్లు తిప్పకపోతే కూనను గండుపిల్లి తినేస్తుంది" అని తల్లి చెప్పిన మాట పట్టుకుని, మచ్చలపిల్లి ఇంకా కళ్లు తెరవని తన కూనను నోట కరుచుకుంది. తామున్న ఇంటి గాదె కింద నుంచి బయల్దేరింది.

రెండో ఇంట్లో కుక్క తరిమింది. మూడో ఇంటి అటక నిండా ఎండుమిరపకాయలు. తల్లీబిడ్డల తుమ్ములకు ఇల్లాలు చీపురు తీసింది. మిగతా మూడిళ్లలో తుమ్మకుండానే చీపురు తీశారు.

ఆ ఊళ్లో ఉన్నవి ఆరిళ్లే. తెగ ఆలోచించి, పిల్లి తాను బయల్దేరిన గాదె కిందికే మళ్లీ వచ్చి పడింది.

"ఇదీ ఏడో ఇల్లంటే! ఎంత వెచ్చగా ఉందో చూశావా?" అంది ఒగరుస్తూ.

అప్పుడే కళ్లు తెరిచిన కూన అక్కడున్న గోనెసంచిని వాసన చూసింది. "అమ్మా, నేను పుట్టింది ఈ గోనె మీదే కదూ?"

"నోర్ముయ్! ఇక్కడే పుట్టి ఉంటే నిన్ను ఊరంతా ఎందుకు మోస్తాను?"